నడిసముద్రంలో శివన్న ఫ్లెక్సీ

మన ఊళ్ళలో ఫ్లెక్సీలు చాలడం లేదు.

అవునండీ, చాలడం లేదు! సెంటర్లో ముప్పై, బస్టాండు గోడకు పన్నెండు, స్కూలు గేటుకు అడ్డంగా నాలుగు, ట్రాన్స్‌ఫార్మర్ మీద 'ప్రమాదం' అన్న బోర్డు కనపడకుండా ఒకటి. అంతే! మూడువేల గడప ఉన్న ఊరికి ఇదేం సరిపోతుంది?

మలుపులో ఎదురొచ్చే లారీ కనపడటం లేదని కొందరు గొణుగుతుంటారు. లారీని చూసి ఏం నేర్చుకుంటారు చెప్పండి? నాయకుణ్ణి చూస్తే స్ఫూర్తి కలుగుతుంది. అదే మలుపులో ఆస్పత్రి పాలైనా, స్ఫూర్తితో పాలవుతారు.

ఇంకో సంగతి. గెలిచిన నాయకుడు మనకు ఎండా వానా తగలకుండా ఎప్పుడైనా కాపాడాడా? ఆయన ఫ్లెక్సీ కాపాడుతుంది! పుట్టినరోజు అయిన మర్నాడే సెంటర్లోంచి కిందికి దిగి, నేరుగా జనంలోకి వచ్చేస్తుంది. గొడ్లపాకకు కప్పు, బాత్రూముకు తలుపు, ట్రాక్టర్ ట్రక్కుకు దుప్పటి, కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద మంచు పడకుండా పట్టా. పేరుకు ఫ్లెక్సీ, పనికి ఎంత ఫ్లెక్సిబులో చూడండి. మనిషి జనంలోకి రాకపోయినా బొమ్మ వస్తోంది కదా, ప్రజాస్వామ్యంలో ఇంతకన్నా ఏం కావాలి?

అయితే ఇవన్నీ చిల్లర ప్రయోజనాలు. ఫ్లెక్సీ అసలు విశ్వరూపం చూపించింది ఊళ్ళో కాదు, నడిసముద్రంలో. అదీ రెండు దేశాలు కొట్టుకుంటున్న చోట, యుద్ధంలో తటస్థ నౌకలకు ఉండే హక్కులనే గంభీరమైన విషయంలో. నమ్మరా? పెదనాగవరం ఖాజావలి కథ వినండి. ఆయన్నే అడగొచ్చు గానీ, పాపం ఆయన ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు.

*

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో కాస్త లోపలికి తిరిగితే పెదనాగవరం వస్తుంది. అక్కడ ఖాజావలిది మిరపకాయల వ్యాపారం. రైతుల దగ్గర ఎండు కాయలు కొని, తొడిమలు తీయించి, గుంటూరులోని పెద్ద ఎగుమతిదార్లకు ఇస్తాడు. గోడౌన్‌లో ముప్పైమంది ఆడవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళకు మేస్త్రి కోటేశ్వరి. పక్క గదిలో ఎవరైనా తుమ్మితే, ఆ తుమ్ము విని లోపల ఉన్నది తేజా రకమో కాదో చెప్పగల నిపుణురాలు.

ఖాజావలికి యాభై నాలుగేళ్ళు. ఆయన జీవితసిద్ధాంతం ఒక్కటే: తటస్థం. ఊళ్ళో రెండు పార్టీలున్నాయి. ఒకటి శివరామకృష్ణది, అంటే అందరూ పిలిచే శివన్నది. రెండోది మాజీ సర్పంచి వీరమ్మ గారిది. ఖాజావలి ఏ జెండా పట్టడు, ఏ జెండానీ తిట్టడు. పొద్దున శివన్న మనుషులు కూర్చునే హోటల్లో టీ తాగుతాడు. సాయంత్రం వీరమ్మ గారి మనుషులు కూర్చునే హోటల్లో తాగుతాడు. ఆ రెండో టీ తాగితే గుండెల్లో మంట వస్తుందని డాక్టరు మానేయమన్నా మానలేదు. మానితే వీరమ్మ గారికి కోపం వస్తుందని కాదు, శివన్నకు సంతోషం వేస్తుందని!

ఇరవై ఏళ్ళు ఒకళ్ళ పేరు మీద కాయలు పంపిన మనిషికి, ఈ ఏడాది సొంత పేరు మీద ఒక కంటైనర్ పంపాలన్న కోరిక పుట్టింది. సముద్రం అవతల ఏ గొడవలోనూ లేని ఒక దేశంలో మసాలాల ఫ్యాక్టరీ వాళ్ళు సరే అన్నారు. పన్నెండు టన్నుల తేజా. ఊళ్ళో ఎనిమిదిమంది రైతులు తమ పంటను గుంటూరు యార్డుకు తోలకుండా ఆయన మాట మీద గోడౌన్‌కు తెచ్చి దించారు. గోతాల మీద ఊరి పేరు అచ్చు వేయిస్తానని ఖాజావలి చెప్పడం వాళ్ళకు భలే నచ్చింది. ఏడాది కష్టం అంతా ఆ గోతాల్లో ఉంది. ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే: కాయ రంగు తగ్గకూడదు. ఎండలో నిలబడిపోతే ఆ ఎరుపు రోజురోజుకీ దిగిపోతుంది. దిగితే వాళ్ళు తీసుకోరు. అంతే సంగతి.

కంటైనర్‌కు కూడా మనలాగే చెమట పడుతుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడితే లోపలి రేకు మీద నీటిచుక్కలు చేరి గోతాల మీద కారతాయి. అందుకని చుట్టూ మందపాటి కాగితం అంటించి గోతాలు ఎక్కిస్తారు. ఆ రోజు కాగితం చుట్ట మూడు గోడలకూ సరిపోయి, తలుపు దగ్గర అయిపోయింది. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కోటేశ్వరి కల్లంలోకి వెళ్ళి ఒక పట్టా లాక్కొచ్చింది. శివన్న పుట్టినరోజు ఫ్లెక్సీ. రంగు అంటకుండా తెల్లవైపు కాయలకు, బొమ్మవైపు తలుపుకు వచ్చేట్టు పరిచి కట్టేసింది. పని తెలిసిన మనిషి అట్లాగే చేస్తుంది.

అలా శివన్న, తలుపు తెరిచినవాడికి ఎదురుగా నిలబడి, విదేశాలకు బయలుదేరాడు.

*

ఇప్పుడు కొంచెం చట్టం చెప్పుకోవాలి. ఆవులించకండి, క్లుప్తంగా ముగిద్దాం.

రెండు దేశాలు కొట్టుకుంటే కొట్టుకోవచ్చు గానీ, వాటితో సంబంధం లేని దేశాల వ్యాపారం జోలికి పోకూడదని సముద్రం మీద పాత కట్టుబాటు. ఓడ తటస్థ దేశానిదైతే అందులో సరుకూ తటస్థమే. కాకపోతే యుద్ధనౌకకు ఒక హక్కుంది: ఆపి, ఎక్కి, సోదా చేయొచ్చు. ఆయుధాల్లాంటి నిషిద్ధ సరుకు దొరికితే పట్టుకోవచ్చు. దొరక్కపోతే సలాం కొట్టి సాగనంపాలి.

తటం అంటే ఒడ్డు. తటస్థుడు అంటే ఒడ్డున నిలబడ్డవాడు. ఒడ్డున నిలబడ్డంతసేపు అందరం తటస్థులమే! ఓడెక్కాకే కదా అసలు పరీక్ష. అయినా మనవాళ్ళు దానికి 'ఓడ' అని పేరు పెట్టినప్పుడే, ఎక్కినవాడు గెలవడని చెప్పకనే చెప్పారు.

ఖాజావలి కాయలు ఎక్కిన ఓడ యజమాని ఒక దేశస్తుడు. జెండా ఇంకో దేశానిది. కెప్టెన్ మరో దేశం వాడు. వంటవాడు మాత్రం మన వేటపాలెం కోటేష్. జీడిపప్పు వేయించీ వేయించీ విసుగొచ్చి సముద్రమెక్కాడు. ఇన్ని దేశాల కలగలుపులో ఎవడి పక్షమని చెప్తారు? ఇంతకన్నా తటస్థమైన ఓడ దేవుడు కూడా తయారుచేయలేడు.

అయినా కొట్టుకుంటున్న రెండు దేశాల్లో ఒకదాని నేవీ వాళ్ళు ఆపారు. ముందు మైకులో "ఎక్కొచ్చా?" అని అడిగి, ఆ తరవాత "కాగితాలు ఏవీ, ఏవీ" అంటూ ఎక్కారు. అందినంతలో ఉన్న మూడు కంటైనర్లు తెరిపించారు. మూడోది మనది.

కంటైనర్ తెరవగానే ముందు వాళ్ళకు వచ్చింది కంటనీరు. పెదనాగవరం తేజా అంటే మాటలా! తుమ్మి, దగ్గి, ముఖం తుడుచుకుని, కళ్ళు తెరిచేసరికి ఎదురుగా శివన్న.

పది అడుగుల శివన్న. తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు, కుడిచేతిలో కత్తి, వెనకాల మంటలు, పక్కన సింహం. పైన 'పెదనాగవరం పులి' అని అక్షరాలు. పులి అని రాసి సింహాన్ని నిలబెట్టడం ఫ్లెక్సీ షాపువాడి ఔదార్యం. కింద రెండు వరసల్లో ఇరవై రెండు చిన్న ఫోటోలు, ఒక్కడూ నవ్వడు. ఆ సముద్రం అంచున యుద్ధాలు చేసే దళాలు కూడా తమ సేనాపతుల బొమ్మలు అచ్చం ఇట్లాగే వేసుకుంటాయట. నేవీ వాళ్ళు తుపాకులు పైకెత్తారు.

ఓడలో ఈ లిపి చదవగలిగినవాడు ఎవడని వెతికితే కోటేష్ దొరికాడు. చేతిలో గరిటెతోనే వచ్చాడు పాపం. చదవమన్నారు, చదివాడు. అర్థం చెప్పమన్నారు, చెప్పాడు.

"అన్న కనుసైగ చేస్తే ప్రాణాలిచ్చే సైన్యం అని రాశారు సార్" అన్నాడు.

ఆ సైన్యం ఎక్కడుందని ఆఫీసర్ అడిగాడు. కోటేష్ కింది రెండు వరసలూ చూపించాడు. తప్పేముంది? అర్థం చెప్పమన్నారు గానీ, అది అబద్ధమని చెప్పమనలేదు కదా!

అసలు గండం ఆ తరవాత వచ్చింది. ఆఫీసర్ ఆ ఇరవై రెండు ముఖాలనూ పరిశీలించి, చేతిలోని కాగితాల్లో ఎగుమతిదారుడి ఫోటో చూసి, మళ్ళీ ఫ్లెక్సీ చూశాడు. రెండో వరస, మూడో ఫోటో: ఖాజావలి!

*

ఖాజావలి ఆ ఫ్లెక్సీ కోసం ఫోటో దిగలేదు. చిన్నకూతురు నజ్మీన్ నికాలో దిగిన ఫోటోను స్టేటస్ పెట్టుకుంటే, శివన్న యూత్ వాళ్ళు అందులోంచి తల వరకు కత్తిరించుకున్నారు. సెంటర్లో తన తల చూసి ఆయన ఉలిక్కిపడ్డాడు గానీ, తీసేయమని అడగలేదు. అడిగితే అవతలి పక్షం అయిపోతాడు. అదీ ఆయన చిక్కు.

చెన్నైలో సరుకు ఓడెక్కించిన ఏజెంటు ఫోన్ చేసి చెప్పాడు. ఓడను వదిలేశారట, కంటైనర్‌ను మాత్రం ఏదో రేవులో దించి ఉంచారట. సరుకు తటస్థమని పది రోజుల్లో రుజువు చేయాలి, లేకపోతే శత్రు సరుకు కింద జప్తు. ఈలోగా రేవులో నలభై ఆరు డిగ్రీల ఎండ. ఇంతకీ మీ సైన్యంలో మీ హోదా ఏమిటని అడుగుతున్నారండీ అని కూడా అన్నాడు ఏజెంటు. చాలా మర్యాదగానే అన్నాడు.

సంగతి తెలిసి ఎనిమిదిమంది రైతులూ గోడౌన్‌కు వచ్చారు. ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. వాళ్ళలో పెద్దవాడు బుల్లయ్య గోతం మీద కూర్చుని అన్నాడు.

"మన కాయ ఏం తప్పు చేసింది ఖాజా?"

ఖాజావలి లేచి శివన్న ఇంటికి వెళ్ళాడు.

శివన్న ఆయన చెప్పిందంతా విన్నాడు. విని, ముందు గడ్డం సవరించుకున్నాడు.

"నన్ను చూసే ఆపారా బాబాయ్?"

"నిన్ను చూసే ఆపారు నాయనా."

"తుపాకులు ఎత్తారా?"

"ఎత్తారంట."

"ఎంతమంది?"

ఖాజావలి ఏజెంటు పంపిన కాగితం తీశాడు. దాని మీద శివన్న సంతకం పెడితే చాలు. తాను ఏ సైన్యానికీ అధిపతి కాడని, తన మాట వినేవాళ్ళెవరూ లేరని, తన కనుసైగకు ప్రాణాలు కాదు కదా పనులు మానుకుని వచ్చేవాళ్ళు కూడా లేరని, కింది ఇరవై ఇద్దరికీ తనకూ ఫోటో తప్ప సంబంధం లేదని అందులో ఉంది.

శివన్న రెండుసార్లు చదివాడు.

"ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు బాబాయ్. కానీ పంచాయతీ ఎలక్షన్ల ముందు ఇది రాసి ఎట్టా ఇస్తాను?"

వంటింట్లోంచి శివన్న తల్లి సుబ్బరావమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆ పెన్ను ఇటు ఇయ్యి ఖాజా, నేను పెడతా సంతకం. కన్నదాన్ని, నాకు తెలీదా" అంది. కానీ నేవీ వాళ్ళు తల్లుల సంతకాలు ఒప్పుకోరు. అంతర్జాతీయ చట్టంలో ఇదొక పెద్ద లోపం!

మర్నాటికల్లా సెంటర్లో కొత్త ఫ్లెక్సీ లేచింది. 'సప్తసముద్రాలను గడగడలాడించిన శివన్నకు శుభాభినందనలు.' వెనక యుద్ధనౌక, ముందు శివన్న, ఈసారి రెండు చేతుల్లో రెండు కత్తులు. ఖాజావలి రెండో వరసలోంచి మొదటి వరసకు ప్రమోట్ అయ్యాడు.

కారం పంపితే అహంకారం అడ్డం పడింది. సహకారం అడిగితే తిరస్కారం వచ్చింది. ఇన్ని కారాల మధ్య అసలు కారం రేవులో రంగు దిగిపోతోంది.

*

ఆరు రోజులు గడిచాయి. ఖాజావలి రెండు హోటళ్ళకూ వెళ్ళడం మానేశాడు. గోడౌన్ మెట్ల మీద కూర్చుని, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాడు.

కోటేశ్వరి ఆ ఆరు రోజులూ సరిగ్గా అన్నం తినలేదు. పట్టా కట్టింది తనే కదా. ఏడో రోజు పనికి వస్తూ బుల్లయ్య కల్లం పక్కగా నడిచింది. అక్కడ ఒక మూల తాలుకాయలు, అంటే రంగు తప్పి తెల్లబోయిన కాయలు, కుప్పపోసి ఉన్నాయి. కుప్ప మీద ఇంకో ఫ్లెక్సీ. కోటేశ్వరి ఆగింది. రాళ్ళు పక్కకు తీసి, దాన్ని చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని గోడౌన్‌కు వచ్చి, ఖాజావలి ముందు పరిచింది.

వీరమ్మ గారి పుట్టినరోజు ఫ్లెక్సీ. కత్తి లేదు గానీ త్రిశూలం ఉంది. కింద ఇరవై ఆరు ఫోటోలు. మొదటి వరసలో నాలుగోది ఖాజావలి. అదే నికా ఫోటో.

"అన్నా, ఇందులోనూ నువ్వే ఉండావు. అదే చొక్కా" అంది కోటేశ్వరి. "ఈ రెండు పార్టీలూ ఒకళ్ళనొకళ్ళు కొట్టుకు చస్తారని రాయి. రెండిట్లో ఉన్నోడు ఎవరి మనిషో వాళ్ళనే చెప్పమను."

ఖాజావలి ఆ ఫ్లెక్సీ మీదికి వంగి తన ఫోటో చూశాడు. ఇన్నాళ్ళూ ఆ ఫోటో చూసి సిగ్గుపడేవాడు. మొదటిసారి ముద్దొచ్చింది.

శివన్న ఫ్లెక్సీ ఎలాగూ నేవీ దగ్గరే ఉంది. వీరమ్మ గారి ఫ్లెక్సీ ఫోటోతో పాటు, రెండు పార్టీలు కొట్టుకున్నప్పుడు ఠాణాలో పెట్టిన కేసుల కాగితాలూ ఏజెంటుకు వెళ్ళాయి. ఏజెంటు వాటన్నిటినీ ఇంగ్లీషు చేసి పంపాడు. తొమ్మిదో రోజున నేవీ న్యాయాధికారి దగ్గర నుంచి జవాబు వచ్చింది. ఆయనెవరో గానీ నిదానస్తుడు, పుస్తకాలు చదివినవాడు. పరస్పరం శత్రువులైన రెండు సైన్యాల్లో ఒకే వ్యక్తి, ఒకే సమయంలో, ఒకే చొక్కాతో ఉండటం యుద్ధశాస్త్రంలో ఎక్కడా లేదని రాశాడు. అలా ఉంటే ఆయన గూఢచారి అయినా కావాలి, తటస్థుడైనా కావాలి. గూఢచారి అయితే రెండుచోట్లా ఫోటో వేయించుకోడు. కాబట్టి పెదనాగవరం ఖాజావలి తటస్థుడు, ఆయన సరుకు తటస్థం, జరిగిన ఆలస్యానికీ, చిరిగిన రెండు గోతాలకూ విచారిస్తున్నాం. ఫ్లెక్సీని మాత్రం అధ్యయనం కోసం మా వద్దే ఉంచుకుంటున్నాం.

కంటైనర్ కదిలింది. తలుపు దగ్గరి గోతాల్లో రంగు కొంచెం తగ్గిందని ఫ్యాక్టరీ వాళ్ళు సణిగారు గానీ, లోపలి కాయ చూసి నోరు మూసుకుని దించుకున్నారు. ఆ మాట విన్న రోజు బుల్లయ్య గోడౌన్‌కు వచ్చి ఖాజావలి భుజం మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుని వెళ్ళాడు. కోటేశ్వరి ముప్పైమందికీ బజ్జీలు తెప్పించింది. మిరపకాయ బజ్జీలే.

ఇప్పుడు చెప్పండి! ఒక్క ఫ్లెక్సీ ఉన్నప్పుడు ఖాజావలి శత్రువు. రెండు ఉన్నప్పుడు తటస్థుడు. మూడు ఉంటే బహుశా పూజ్యుడు! అంటే పౌరుడి రక్షణకు ఒక ఫ్లెక్సీ ఎంతమాత్రం చాలదని నౌకాదళం ముద్ర వేసి మరీ తేల్చింది. ప్రతి పార్టీ ప్రతి పౌరుడి తలకాయనూ కత్తిరించుకుని వాడుకుంటే తప్ప ఈ దేశంలో ఎవడి సరుకూ క్షేమంగా సముద్రం దాటదు. ఇంకా ఫ్లెక్సీలు వద్దంటారా?

*

ఖాజావలికి మాత్రం ఇంత దూరదృష్టి లేదు. ఆయన నేవీ వాళ్ళ ఉత్తరాన్నీ, ఏజెంటు చేసిన తెలుగు అనువాదాన్నీ లామినేషన్ చేయించి గోడౌన్ గోడకు తగిలించాడు. ఇరవై ఏళ్ళుగా టీలు తాగి తాగి సాధించుకోలేని మాట దాని మీద ఉంది, సీలుతో సహా.

పంచాయతీ ఎలక్షన్ల నోటిఫికేషన్ వచ్చిన రోజున పొద్దున వీరమ్మ గారి మనుషులు వచ్చారు. తటస్థుడివంటగా, అంటే మాకు వెయ్యవనే కదా అర్థం అని అడిగి, ముఖాలు మాడ్చుకుని, పోతూ పోతూ మాత్రం ఒక ఫోటో తీసుకుని పోయారు. మధ్యాహ్నం శివన్న వచ్చాడు. కొత్త ఫ్లెక్సీకి పాత చొక్కా బాగాలేదట.

ఖాజావలి గోడ మీది ఉత్తరం తీసి, రెండు చేతులతో మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. జీవితంలో అడగని మాట అడిగాడు.

"ఇక నుంచి నా ఫోటో వేయమాకు నాయనా. వీళ్ళది వాళ్ళది అని కాదు, ఎవరిదాంట్లోనూ వద్దు. చూడు, గవర్నమెంటోళ్ళు రాసిచ్చారు."

శివన్న ఉత్తరం మొత్తం చదివాడు. సీలు మీద వేలుతో రుద్ది చూశాడు. అసలుదే.

"బాగుంది బాబాయ్. కానీ ఇది సముద్రం మీద చెల్లుద్ది. ఇది ఊరు."

"వాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి శివా. అయినా ఎక్కేముందు ఎక్కొచ్చా అని అడిగారంట."

శివన్న ఆ మాట విన్నట్టు లేదు. రెండడుగులు వెనక్కి వేసి, వెలుతురు చూసుకుని, ఫోన్ పైకెత్తాడు.

"ఆ కాగితం కొంచెం కిందికి దించు బాబాయ్" అన్నాడు, "మొహం కనపడట్లేదు."